చిన్నమ్మ కొడుకు

పేజీకి ముప్పై రూపాయలు.
తప్పులు దిద్దినా అంతే, దిద్దకున్నా అంతే.
మిర్యాలగూడ కోర్టు గోడకానుకొని నా జిరాక్సు దుకాణం.
జానకిరాములు వచ్చిననాడు కరెంటు లేదు,
ఇన్వర్టరు మీద టైపు చేసిన.

ప్రయాణ కారణం ఏందని అడిగిన.
పక్కనున్న తెల్లచొక్కాయన దిక్కు చూసిండు.
"విహారం అని కొట్టమ్మా" అన్నడాయన.
సాగర్ గేట్లెత్తిన దినం తప్ప
ఎన్నడూ ఊరు దాటని పిల్లగాడు
కొలంబోకు విహారం.

రెండో కాగితం బంధుత్వానిది.
పుచ్చుకునేటాయన ఇంటిపేరు మన దిక్కుది కాదు,
అక్షరం అక్షరం రెండుసార్లు చెప్పించుకున్న.
ఆయనకూ అది పరదేశమే, ఈయనకూ పరదేశమే,
ఇద్దరూ కలిసేది మత్తుమందు కాడ.
వరుస మాత్రం చిన్నమ్మ కొడుకు.

"ప్రేమాభిమానములతో, ఎవరి ఒత్తిడీ లేక,
పైకము ఆశించక"
ఈ వాక్యం నా కంప్యూటర్ల ముందే ఉంది,
భూమి దానపత్రాలకు వాడేది.
సర్వే నంబరు తీసేసి
ఎడమ అని పెట్టిన.

నాకు తెలువదా?
తెలువదంటే ఈ ముక్కలు రాసే పనే లేదు.
సంతకం పెట్టుకుంట జానకిరాములే నవ్విండు:
"మా అమ్మ ఒక్కతే బిడ్డ అక్కా."

తెల్లచొక్కాయన వంద ఇచ్చి చిల్లర వద్దన్నడు.
నేను లెక్కబెట్టి నలభై చేతుల పెట్టిన.
ఆ నలభై వాపసిచ్చినందుకు
శానా రోజులు
నీతిమంతురాలి లెక్క నిద్రపోయిన.

వానలు పడ్డంక మళ్ల వచ్చిండు.
నాకోసం చాయిపత్తా పొట్లం తెచ్చిండు, మీద ఏనుగు బొమ్మ.
మాటకు ఐదు లక్షలు, చేతికి మూడున్నర,
డీసీఎం బండి ఫైనాన్సోడు అంతలనే ఎత్తుకపోయిండట.
మిల్లుల ఇప్పుడు బస్తా ఎత్తనిస్తలేరు,
గేటు కాడ రాసేటి పుస్తకం ఇచ్చిన్రు.
స్కానింగ్ కాగితం జిరాక్సుకిచ్చి, ఏముందో చదువుమన్నడు.
"ఎడమ దిక్కు మూత్రపిండం కనబడుతలేదు" అని రాసిండ్రు.
"కనబడకపోనీకి
అదేమన్న దాక్కుందా అక్కా?"

ఆ కాపీకి పైసలు తీసుకోలే.
గదొక్కటే నేను చేసింది.

ఇంతవరకు చెప్పి ఆపొచ్చు.
ఆపితే నేను మంచిదాన్నే అయిత.

మా అమ్మకు మంగళారం, శుక్రారం మిషను.
నల్లగొండ దవాఖానల నాలుగు గంటలు,
చేతిల నరం కప్పలెక్క కొట్టుకుంటది.
ముప్పై ఏండ్లు ఫ్లోరైడు నీళ్లు తాగింది,
పండ్లు పచ్చబడ్డయి, మోకాళ్లు వంగినయి;
ఇంట్లకు కృష్ణ నీళ్ల నల్లా వచ్చినంక
దినానికి అర లీటరే తాగాలన్నరు.
గ్లాసుకు ఎర్ర నెయిల్ పాలిషుతోని గీత కొట్టిన.
నా గ్రూపు కలువలే.
పట్నంల పేరు రాయించినం,
వరుసల ఎక్కడున్నమో ఎవలు చెప్పరు.

తెల్లచొక్కాయన నంబరు నా ఫోన్లుంది,
"విహారం" అనే పేరు మీద.
తీసెయ్యలే. కలుపలే.
రాత్రిపూట మాత్రం
ఆ పేరు కాడికి వేలు పోతది, ఆగుతది.
అవుతల ఏ మిల్లు గేటు కాడి పిల్లగాడో
ఇంకా రెండింటితోని నిద్రపోతుండొచ్చు.
కాగితం ఎట్ల రాయాల్నో నాకంటే బాగ ఎవలకు తెలుసు?

మొన్న మిషను మీదున్నప్పుడు ఉత్తగ అన్న:
"ఇచ్చేటోళ్లు దొరుకొచ్చే అమ్మా,
వరుసకు నీ చెల్లె కొడుకు."
అమ్మ కండ్లు మూసుకొని
లేని చెల్లెను శానాసేపు దేవులాడింది.
"ఏ చెల్లెనే? ఏం పేరు?"

నర్సు వచ్చి సూది చూసి పోయింది.
నేను గ్లాసుల నీళ్లు పోసిన,
గీత కాడ ఆపిన.