సఫారీ కొలతలు

"సఫారీ కుట్టాలి మాస్టర్" అన్నాను.
ఓదెలు కళ్లద్దాల మీదుగా చూశాడు.
"సార్‌కా?"
నాకే.

నారాయణగూడ ఫ్లైఓవర్ నీడలో
నలభై ఏళ్లుగా
డ్రైవర్లకీ, తాసిల్దార్లకీ,
మంత్రుల వెనక చేతులు కట్టుకుని నిలబడేవాళ్లకీ
నాలుగు జేబుల సఫారీలు కుట్టిన మనిషి
మెడలోంచి టేపు తీయనే లేదు.

ఆఫ్రికా అని చెప్పాను. బోట్స్వానా.
వరద నీళ్లు సముద్రం దాకా పోకుండా
ఎడారిలోనే ఇంకిపోయే చోటు.
తెలుపు వేసుకుంటే దూరం నుంచే కనిపిస్తామట.
నీలం, నలుపు వేసుకుంటే
అదేదో ఈగ వెతుక్కుంటూ వచ్చి కుడుతుందట.
"అంటే మన్ను రంగు గావాలె"
అని పై అరలోంచి ఒక తాను లాగి పరిచాడు.
ఎండిన గడ్డి రంగు.
ఎప్పుడో సెక్యూరిటీ కంపెనీ ఆర్డర్‌లో మిగిలిందట.

మింట్ కాంపౌండ్‌లో ముప్పై మూడేళ్లు
ఊరందరి కరెంటు లెక్క కట్టాను.
నా లెక్క ఈ వేసవిలో మొదలుపెట్టాను.
చిట్టీ పాడుకుని డబ్బు తెచ్చాను.
"షాద్‌నగర్‌లో నూట యాభై గజాలొచ్చేవి కదా వదినా"
అంది మా మరదలు.
వచ్చేవే.
కంచె వేసుకుని చూసుకునేదాన్ని.

పుష్పలీల కూడా రావలసింది.
పదకొండేళ్లు టీ బ్రేకుల్లో
ఫైలు అట్ట వెనక మ్యాపు గీసుకున్నాం ఇద్దరం.
ఇప్పుడు దాని మోకాలికి ఆపరేషన్.
"నువ్వు పోవే, నాకు ఫోటోలొద్దు, వాసనలు చెప్పు" అంది.
గుడారంలో ఒంటరిగా ఉంటే అదనం అట.
ఇన్నేళ్లూ ఒంటరిగా ఉన్నందుకు
ఈ ఒక్క చోటే
రసీదు ఇస్తున్నారు.

చిన్న విమానం. పదిహేను కిలోలే.
చక్రాల్లేని మెత్తటి సంచీ.
పాత పేపర్లబ్బాయి తరాజుకు తగిలిస్తే
పదిహేడున్నర తూగింది.
హెయిర్ డ్రయ్యర్ తీశాను. రెండో చెప్పుల జత తీశాను.
నువ్వుల పొడి డబ్బా మీద చెయ్యి పెట్టి
తియ్యలేదు.
స్వెట్టర్ తప్పదు. జూన్‌లో అక్కడ వణికిస్తుందట.
రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో
కోఠీ అంతా తిరిగి స్వెట్టర్ అడిగితే
ఒక కొట్టతను నన్ను కూర్చోబెట్టి
మంచినీళ్లిచ్చాడు.

మమ్మల్ని తిప్పే గైడు పేరు కగిసో.
పొట్టి పొట్టి వాక్యాలు రాస్తాడు.
కోడిగుడ్డు తింటారా. సరే, తినరు.
నడకలో మాటలొద్దు. ఒకరి వెనక ఒకరు.
నేను చెయ్యెత్తితే ఆగండి.
ఎందుకని అప్పుడు అడగొద్దు.

హిమాయత్‌నగర్ చౌరస్తాలో ఇది గుర్తొచ్చింది.
ఇక్కడ చెయ్యెత్తేది ఆగడానికి కాదు,
దాటడానికి.
కుడి చెయ్యి అడ్డం పెట్టి
బస్సు మొహంలోకి చూస్తూ నడిచేస్తాం.
నిన్న ప్రాక్టీసుకని
చెయ్యెత్తి ఆగిపోయాను.
బస్సూ ఆగింది. ఆటోలూ ఆగాయి.
ఎవరూ కదలని ఒక్క క్షణం,
ఇంజన్ల ఊపిరి, నా ఊపిరి,
ఎవరు ముందు కదలాలో ఎవరికీ తెలియదు.
తర్వాత డ్రైవర్ తిట్టిన తిట్టు
కగిసోకి రాయలేదు.

"సింహం కనవడ్తదా?"
ఓదెలు చివరికి టేపు తీశాడు.
గ్యారంటీ లేదని రాసిచ్చారు.
"గ్యారంటీ లేకుంటనే గింత పైసనా!"
భుజం పద్నాలుగున్నర అని తనకు తనే చెప్పుకుని
సబ్బు ముక్కతో బట్ట మీద గీత గీశాడు.
"జేబులు?"
నాలుగూ కావాలన్నాను.
ఇన్నేళ్ల చీరల్లో ఒక్కటీ లేదు మరి.
"లోపట రెండేళ్ల బట్ట ఇడుస్త.
సాలకుంటె ఇప్పుకోవచ్చు."

లావుపాటి పుస్తకం తెరిచాడు.
సఫారీ, డ్రైవర్ సాబ్.
సఫారీ, మండలాఫీసు.
కింద గడిలో పెన్ను కాసేపు ఆగింది.
సఫారీ, మేడం, అడివికి.
ట్రయల్: మంగళారం.