పదో రాయి

లీటరుకి ఆరు.
డైరీలో ముప్పై పేజీల నిండా ఆరే.
కొన్న ఏడు పదకొండు ఇచ్చేది,
అప్పుడింకా దాని కాళ్ళు దానివే.

తరవాత నేనే మార్చేను.
మందస కొండల్లోంచి జీడిపిక్కల బస్తాలు దించడానికని
వెనక కమాను పట్టీలు రెండు ఎక్కువ వేయించి,
నెత్తిన ఇనప కేరియరు,
ముందర కుమ్ములాటకి బయల్దేరినట్టు ఒక బంపరు,
బరంపురం పాతసామాన్ల కొట్లో
పొద్దుగూకేదాకా బేరమాడి తెచ్చిన లావు టైర్లు నాలుగు.
కాశీబుగ్గ గేటు దగ్గర జీపుకేసి అందరూ తిరిగి చూసేరు.
ఆ చూపుల ఖరీదు ఏ పేజీలోనూ రాయలేదు.

డీజిలు ఎక్కడికి పోతోంది?

బండి తోలేది సవర జమ్మయ్య.
పొద్దున్నే తాళాలిస్తూ వాడి చేతులు చూసేవాణ్ణి.
గోళ్ళ సందుల్లో జీడినూనె నలుపు.
దాన్ని వేరే నలుపనుకున్నాను.
ట్యాంకు మూతకి తాళం వేయించేను.
వాడు చూసేడు. ఏమీ అనలేదు.
మర్నాటి నుంచి టీ డబ్బులు వాడే ఇచ్చుకున్నాడు.

తవిటిరాజు షెడ్డు పలాసలో రైలుకట్ట వార.
ఎడమ చెవి వినపడదు ఆయనకి.
కుడి చెవి బానెట్టు మీద ఆనించి
పక్కింటి తగువు వింటున్నట్టు ఇంజను వింటాడు.
"పొగ నల్లగుంది బాబూ. ఊపిరాడ్డం లేదు దీనికి."
ఫిల్టరు విప్పి నేలకేసి కొడితే
పిడికెడు మసి రాలింది, జీడి బట్టీలది.
మా ఊరంతా పీల్చేదే అది కూడా పీల్చింది.

జాకీ ఎత్తి వెనక చక్రం తిప్పేడు.
సగం తిరిగి ఆగిపోయింది.
"బ్రేకు పట్టుకునే ఉంది. కాలు తీసినా ఒగ్గట్లేదు."
ముందు చక్రాల దగ్గర గొంతుకూర్చుని
కాసేపు హబ్బులకేసీ, కాసేపు నాకేసీ చూసేడు.
రెండూ లాకులోనే.
"ఎవులు తిప్పేరు?"

శ్రావణంలో గెడ్డ దాటేటప్పుడు
మోకాల్లోతు బురదలో నేనే తిప్పేను.
గొడుగు పట్టింది జమ్మయ్య.
తిరిగి విప్పడం మర్చిపోయింది నేను.
తరవాత ఒకటి రెండు సార్లు
హబ్బు అని వాడేదో అనబోయేడు,
డీజిలు మాట తప్పిస్తున్నాడనుకున్నాను.
ఇప్పుడు మాఘం.
ఆర్నెల్లుగా తారురోడ్డు మీద కూడా
నా బండి గెడ్డ దాటుతూనే ఉంది.

అన్నీ సర్దేక కూడా లెక్క ఎనిమిది దాటలేదు.
"పదండి, రాళ్ళు లెక్కెడదాం" అన్నాడు తవిటిరాజు.
హైవే మీద నేను తోలుతున్నాను,
ఆయన తల బయటపెట్టి కిలోమీటరు రాళ్ళు
వేళ్ళ మీద ముడుస్తున్నాడు.
పదో రాయి దగ్గర ఆపమన్నాడు.
మీటరు తొమ్మిది దగ్గరే ఉంది.

"టైరు పెద్దది కదేటి. ఒక్క సుట్టుకి ఎక్కువ నేల తింటాది.
మీటరికి పాత టైరే గురుతు.
అది అబద్దం ఆడట్లేదు బాబూ, దానికి తెల్దు."

పది రాళ్ళకి ఒక రాయి.
రెండేళ్ళు, కొండ ఎక్కుతూ దిగుతూ,
బండి నడిచింది, వాడు తోలేడు,
నేను రాసుకోలేదు.

సాయంత్రం తాళాలకి వచ్చేడు జమ్మయ్య.
గుత్తిలోంచి ట్యాంకు తాళంచెవి తీయబోతే
రింగు బిగుసుకుపోయి నా గోరు విరిగింది.
"ఏటి బాబూ?"
"లీటరుకి తొమ్మిది" అన్నాను.
అంతకు మించి నోట రాలేదు.
వాడు తలూపేడు.
వంగి, ముందు హబ్బులు రెండూ
ఓసారి చేత్తో తడిమి చూసుకుని
బండెక్కేడు.