ఉప్పు గడప

మలికిపురం దాటాక కాలవ సన్నబడి, సన్నబడి
ఎవరికీ చాలనంత నీరై మిగిలేచోట
తూము పక్కన నల్లి మార్తమ్మ కూర్చుంటుంది.
తెల్లారగట్ల పోటు తిరిగే వేళకి
దోసిట్లో నీళ్లు తీసి నాలుకకి ఆనించి
మింగదు. ఊస్తుంది.
ఊసిన తీరుని బట్టి షట్టరు దిగుతుంది,
లేదా ఊరుకుంటుంది.

నాది పదకొండు నెలల కాగితం మీద ఉద్యోగం.
ఒక మీటరు, ఒక మోపెడ్, ఒక రిజిస్టరు.
మీటరు మూతి ముంచితే అంకె వస్తుంది.
ఆవిడకి అంకె రాదు.
"ఆయ్, వత్తందండి" అంటుంది.
"వచ్చిందా?"
"వచ్చిందంటే మీ మిషను సెప్తాది.
నేను సెప్పేది, వత్తందని."

మార్చిలో ఒకరోజు నాకు పంతం పట్టింది.
కాచి చల్లార్చిన నీళ్లు, తూచిన ఉప్పు,
పంచాయతీ ఆఫీసులో అరువడిగిన స్టీలు గ్లాసులు.
మూడింట్లో రెండు వట్టివి. ఒకటి కలిపింది.
ఏది?

మొదటి విడత నోట్లో పోసుకుని నవ్వేసింది.
"ఇది పప్పుచారు కదండీ!"
తర్వాత అందులో సగం. ఆ సగంలో సగం.
ఏడో విడతకి నవ్వు ఆగింది.
కళ్లు మూసుకుంది. నీళ్లని బుగ్గలోకి తోసింది,
పళ్ల సందుల్లోంచి వెనక్కి లాగింది,
గోడవతల ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు
తల పక్కకి వాల్చింది.
రొయ్యల చెరువుల మీద ఏరేటర్ల హోరు.
ఆపమన్నట్టు చెయ్యెత్తింది,
రుచికి కూడా నిశ్శబ్దం కావాలి కాబోలు.
ఇరవైసార్లలో పదిసార్లు
సరైన గ్లాసు మీద వేలు పెట్టింది.

"మా పుస్తకంలో దీన్ని గడప అంటారు, మార్తమ్మా.
సగంసార్లు తెలిసేచోటు."
"గడప మీద కూకోకూడదంటారు కదండీ.
ముప్పయ్యేళ్లనించీ నేనక్కడే కూకున్నాను."

కిళ్లీ మానేసిన సంగతి అప్పుడు చెప్పింది.
ఒక దాళ్వాకి, నారు జానెడున్నప్పుడు,
నాలుక కొసన ఏదో తగిలిందట.
తగిలిందో లేదో.
వక్క వగరేమోలే అని తూము ఎత్తే ఉంచింది.
నాలుగోనాటికి మడి చివర్లు
కాల్చిన కాగితంలా ముడుచుకున్నాయి.
ఎవరూ ఏమీ అనలేదట. అదే పెద్ద తిట్టు.

ఆ ఏడునించీ
లేని ఉప్పుని కూడా ఉందంటోంది.
మొన్న ఊరికే షట్టరు దించేస్తే
రుద్రరాజు వారి చేను నెర్రెలిచ్చింది,
సుబ్బరాజుగారు గట్టు మీదే కేకలేశారు.
నిలబడి విని, కొంగుతో మొహం తుడుచుకుని,
"లేనిది పదిసార్లు సెప్పి తిట్లు తింటానండి.
ఉన్నది ఒక్కసారి ఇడిసిపెట్టి
అన్నం తినలేను" అంది నాతో.
నాలుకకి పదును పెరగలేదు.
పెరిగింది భయం.
ఈ రెంటినీ విడదీసే గడి
నా రిజిస్టర్లో లేదు.

ఆఖరి విడత నేను మోసం చేశాను.
మూడూ వట్టి నీళ్లే.
కావాలనే. భయం ఎంతో, రుచి ఎంతో
తేల్చేద్దామని.
చాలాసేపు కూర్చుంది. కొంగలు రెండు జట్లు
సముద్రం వైపు వెళ్లిపోయాయి.
మొదటిది పక్కన పెట్టింది. మూడోది పక్కన పెట్టింది.
నడిమి గ్లాసు మళ్లీ తాగింది, ఈసారి మింగింది.
"ఇదండి."
"లేదు మార్తమ్మా, దాంట్లో ఏమీ కలపలేదు."
"కలపలేదేమో. మీ ఏలు తగిలిందండి దీంట్లో."

తప్పు అని రాసుకున్నాను.
ఎండ దిగింది. గ్లాసులు తిరిగిచ్చేశాను.
శంకరగుప్తం వంతెన మీద మోపెడ్ ఆపి,
ఎవరూ చూడట్లేదని చూసుకుని,
బొటనవేలు నోట్లో పెట్టుకున్నాను.

ఉంది.

మళ్లీ చూశాను.
ఈసారి లేదు.