ఎడమ కాలికి సెలవు

జయపురంలో, సంత లేని రోజున
సంత మైదానంలో
దండాసి మేస్త్రి నాకు నేర్పిన మొదటి పాఠం
ఒక కాలు మర్చిపోవడం.

"ఎడం కాలు నీది కాదనుకో అమ్మీ.
ఇంటికాడే ఒగ్గీసి వచ్చీననుకో.
రెండు కాళ్లకీ పనిచ్చేవా,
ఒకటి ఎల్లమంటది, ఇంకోటి ఆగమంటది.
మద్దిన బండి సచ్చిపోద్ది."

ముప్పై ఏళ్లు సాలూరు లారీలు తోలినవాడు.
రాయగడ కాగితం బేళ్లు, దామంజోడి తెల్ల పొడి,
ఓసారి పెళ్లివారి సామాను, ఓసారి శవం.
ఎడమ మోకాలు క్లచ్చు మీదే అరిగిపోయింది.
కుంటుకుంటూ వచ్చి పక్క సీట్లో కూర్చుని
క్లచ్చు లేని నా పాత కారుని
మాటాడని కొత్తల్లుణ్ణి చూసినట్టు చూశాడు.

ఆసుపత్రిలో రక్తం తీసే చేతులు నావి.
పసిబిడ్డ నరం దొరకబుచ్చుకునేటప్పుడు కూడా వణకవు.
స్టీరింగు మీద వణికాయి.

వెనక్కి దొర్లుతుండగానే ఓసారి డీ లోకి లాగాను.
లోపలెక్కడో ఏదో పళ్లు కొరికింది.
మేస్త్రి కళ్లు మూసుకున్నాడు, తనకే తగిలినట్టు.
"ఆగనీ. పూర్తిగా ఆగనీ, అప్పుడు మార్చు.
ఎనక్కెల్లే మనిషిని జబ్బ పట్టి ముందుకి గుంజితే
బుజం ఊడిపోదేటి?"

రైలు గేటు దగ్గర ఫోను మోగితే చూశాను.
బ్రేకు మీద కాలు రవ్వంత తేలింది,
అంతే, ఎవరూ పొమ్మనకుండానే బండి నడిచింది,
ముందున్న సైకిలు చక్రాన్ని మెల్లగా ముద్దాడింది.
సైకిలాయన ఒడియాలో తిట్టాడు.
మేస్త్రి ఒడియాలోనే క్షమాపణ చెప్పి
తెలుగులో నన్ను తిట్టాడు.

నెల తర్వాత సుంకి ఘాటీ.
కుందులి దాటాక మంచు దిగింది.
పొట్టంగిలో మంచు ఇంకా చిక్కబడి
లైట్లు పాలలో ముంచిన చెంచాల్లా ఉన్నాయి.
దిగుడు మొదలవగానే
వార్డు బాయ్ చెప్పిన చిట్కా గుర్తొచ్చి న్యూట్రల్ చేశాను,
పెట్రోలు మిగులుతుందట.

మేస్త్రి అరవలేదు.
అందుకే భయమేసింది.

"లకుమయ్యని ఉండీవోడు.
ఈ దిగుడులోనే డీజిలు మిగల్సబోనాడు."
కాస్త ఆగాడు.
"మిగిలింది."

ఎల్ లోకి లాగాను.
ఇంజను గొంతు పెంచింది, బండి నెమ్మదించింది,
జారే పిల్లని పరికిణీ పట్టుకు ఆపినట్టు.
"అరవనీ. అరిసేదే ఆపుద్ది.
బ్రేకుని తొక్కి తొక్కి ఉడకబెట్టీకు,
దానికీ ప్రాణం ఉంటాది."
ముందు పోతున్న లారీ నుంచి
కాలిన రబ్బరు వాసన మా దాకా వచ్చింది.

అప్పుడు చూశాను.
ప్రతి మలుపులోనూ మేస్త్రి ఎడమ కాలు
కింద మ్యాటుని తొక్కుతోంది.
లేని క్లచ్చు. లేని లారీ.
నాకిప్పించిన సెలవు
ఆయన కాలికి ఎవరూ ఇవ్వలేదు.

టీ బడ్డీ దగ్గర వాలులో ఆపాం.
"కాలు తియ్యకు. న్యూట్రల్.
ఇప్పుడు చేతి బ్రేకు.
కాలు మెల్లగా ఒగ్గు, బరువు దాని మీద కూకోనీ.
ఆనక పీ.
ముందే పీలో పడీసి ఒగ్గీసేవా,
బండంతా సిటికినేలంత ముక్క మీద యేలాడద్ది."
అన్నీ చేయించాడు.
అయినా దిగి, మంచులో తడుముకుని,
రెండు రాళ్లు నచ్చక పారేసి
మూడోది టైరు కింద దోపాడు.

టీలో అల్లం ఎక్కువైంది.
తాగి బయల్దేరాం.
మలుపు తిరగబోతుంటే "ఆపు" అన్నాడు.
ఆపాను. పూర్తిగా. చేతి బ్రేకు. తర్వాత పీ.
"రాయి తీసినావా?"

తియ్యలేదు.
"రాత్రికి ఏ మోటారు సైకిలోడో వస్తాడు."

ఆయన తలుపు మీద చెయ్యేస్తే వద్దని
నేనే దిగాను.
గంటసేపు పనిలేక పడుకున్న కాలు
తిమ్మిరెక్కి నేల తెలియడం లేదు.
కుంటుకుంటూ
ఆ మంచులోకి వెనక్కి నడిచాను.