గొలుసు రెండో కొస

సర్వేయరు చేతిలో ఒక కొస,
నా చేతిలో ఇంగో కొస.
నడాన నూరు లింకుల ఇనప గొలుసు
ఎండకు కాగి అరచెయ్యి కాలుస్తా.

ముప్పయ్యేండ్లు ఆ కొస పట్టినా.
కంబదూరు చుట్టూ నేను కొలవని గుట్ట లేదు,
నా పేరున కొలిచిన సెంటు లేదు.
మూడు తూర్లు అర్జీ పెట్టుకుంటి.
'తలారి ఉజ్జోగముంది గదప్పా నీకు' అనిరి.

మారెక్కకు పట్టా ఇచ్చిన దినం
షామియానా కింద ఏలిముద్ర ఏసి
సిరా యాడ తుడుచుకోవల్లో తెలీక
ఏలు పైకెత్తి పట్టుకొనే ఇంటిదాకా నడిచె.
రెండెకరాల పది సెంట్లు.
రెండొందల పద్నాలుగు బై మూడు.

మర్నాడు సూపిచ్చేకి పోతిమి.
గుట్ట వాలు. కిత్తనార. బోదగడ్డి.
సర్వేయరు గొడుగు కింద నిలబడి
'హద్దురాయి నాటు' అనె.
రాళ్లల్లో రాయి నాటితే
ఏది హద్దు, ఏది గుట్ట?
మారెక్క నడుముకు దోపుకున్న వక్కాకు తిత్తి ఇప్పి
సున్నం తీసి రాయి నెత్తిన పూసె.

పదకొండేండ్లు రాళ్లేరింది.
ఏరి పేరిస్తే గెనిమె ఆమె ఎత్తయ్యింది,
మన్ను మాత్రం జానెడు తేలలేదు.
ఆ జానెట్లోనే కొర్ర పండిచ్చె,
ఒగేడు శెనిక్కాయ మూడు మూట్లు.
మూడో మూట ఇత్తనానికని అటకెక్కిచ్చి,
మరుసటేడు వాన రాకపోతే
అదే వలుచుకొని తినిరి.

'అమ్మగూడదు' అని పట్టాలో రాసుంటుంది.
ఆకలి కాగూడదు అని యాడా రాసుండదు.
అంగడాయన బీరువాలో ఆ కాగితం
నాలుగేండ్లు పండుకునె.

ఇప్పుడు సోలారోళ్లొచ్చినారు.
మమ్మల్ని మాడ్చిన ఎండకే రేటొచ్చింది.
కసువు మొలవని గుట్టకు ఏటేటా కౌలంట.
కంప్యూటర్లో కొట్టి చూస్తే
మారెక్క పేరుండాది గానీ
ఎకరా ముప్పై సెంట్లే.
తక్కిన ఎనభై, పక్క సేనాయన కిందికి జారినాయి.

వానకు మన్ను జారుతుంది.
సెంట్లు ఎట్ల జారతాయి?

నాకు తెలుసు.
హద్దులు సరిజేసేకి వచ్చిన పొద్దు
సర్వేయరు కన్ను గీటె,
కొస పట్టుకొని నేనే ఇవతలికి నడిచినా,
ఒక గొలుసు, పైన పద్నాలుగు లింకులు.
సున్నం రాయి నేనే బుజానెత్తుకొని తెచ్చినా.
తువ్వాలకంటిన తెల్లమరక
వంకలో ఉతికితే పోయె.
నాకిచ్చింది అర్ధ బస్తా బియ్యం.
పిల్లోళ్లు తినిరి. నేనూ తింటి.
మంచి బియ్యమే.

నిన్న ఆపీసు మెట్లమింద మారెక్క కనపడె.
'గొలుసు పట్టింది నువ్వే గదనా,
రాయి యాడుండెనో నీకెరికే.
వచ్చి ఒక మాట చెప్పు' అనె,
కోపం లేకుండా.
తిత్తి ఇప్పి నాకొక ఆకిచ్చె,
ఈనెమింద ఏలితో సున్నం పూసి.

సోమారం తాసిల్దారు గుట్టకొస్తాడంట.
ఇప్పుడు గొలుసు లేదు, మిషనుతో కొలుస్తారు.
నా చెయ్యి వొద్దంట.
నోరు కావల్లంట.

ఆకు ఇంగా నమల్లేదు.
జేబులోనే ఉండాది.