సగంలో సగం

పొందూరులో మా వీధికి
మా అమ్మ దాలమ్మ చేతులే గడియారం.
తెల్లారకముందే వాలుగ చేప దవడతో
పత్తి దువ్వే చప్పుడు.

డెబ్బై ఎనిమిదో ఏట రాత్రుళ్లు కేకలు మొదలయ్యాయి.
"ఒలే, ఏకుల బుట్టలో ఎవులో కూకున్నారే!"
పోయిన నాన్నను అన్నానికి పిలిచేది.
నన్ను దొంగదాన్నంది.

శ్రీకాకుళంలో డాక్టరు రాశాడు
ఆవగింజకు అన్నలాంటి మాత్ర.
రాత్రికి సగం. చాలకపోతే ఇంకో సగం.
చాల్లేదని నేనే అనుకున్నాను.

వేసుకున్నది ఆమె. నిద్రపోయింది మేము.
"ముసల్ది నిమ్మళించింది" అని
పక్కింటి గౌరీశు మెచ్చుకున్నాడు కూడా.

మూడో నెలకి
రాట్నం ముందు కూర్చోబెడితే
వేళ్లు వాటంతటవే
లేని నూలు వడికేవి.
ముఖం సున్నం కొట్టిన గోడ.
కంచంలో ముద్ద నోటిదాకా రావడానికి
ఒక పలాస బండి వెళ్లిపోయేంతసేపు.
చొంగ తుడిచి, వయసు అనుకున్నాను.
వయసు మీద ఎన్ని నేరాలు మోపామో.

నూతిగట్టు దగ్గర పడింది.

పెద్దాసుపత్రిలో కుర్ర డాక్టరమ్మ
తుంటి ఫొటో కన్నా ముందు మందుల చీటీ చూసింది.
తిట్టలేదు.
"ఎందుకు మొదలెట్టారో తెలుస్తోంది.
ఎప్పుడాపాలో ఎవరైనా చెప్పారా?"

సగంలో సగం. వారాలాగి, దాన్లో సగం.
బ్లేడుతో కోస్తుంటే నా వేళ్లే వణికాయి.

కేకలు మళ్లీ వచ్చాయి. నడక రాలేదు.
రాత్రి రెండింటికి లైటు వేసి
గుప్పెడు పత్తి ఒళ్లో పెడతాను.
మెల్లగా గింజ ఏరుతుంది.
"ఎవుల్నువ్వు గుంటా?"
"ఏకులకొచ్చిన పిల్లనమ్మా."
"అయితే కూకో. తలుపెయ్యకు,
మా ఇంటాయన ఇంకా రానేదు."