మురిగిన దావా

వకీలు తమిళంలో అనేవాడు,
నేను తెలుగులోకి దించేవాణ్ణి:
"మురిగిపోయిందమ్మా."
ప్యారిస్ కార్నర్ మేడ మీద
ముప్పై ఏళ్లు అదే మాట,
పాచిపోయిన అన్నం గురించి చెప్పినట్టు.

వ్యాసర్పాడి చెంగమ్మ ఒక్కతే ఎదురడిగింది:
"మిల్లు దుమ్ము మా ఆయన ఊపిరిలో
ఇంకా మురగలేదే, గుమాస్తాగారూ?"

నిన్న గెజిట్ వచ్చింది.
గడువు ఇకమీదట
దుమ్ము పీల్చిన రోజు నుంచి కాదట,
డాక్టరు జబ్బు పేరు రాసిచ్చిన రోజు నుంచి.

బీరువా అడుగున ఫైలు దొరికింది.
చెదలు వదిలేసిన మూల
ఏడంకెల ఫోన్ నంబరు.
ముందొక రెండు చేర్చి కొట్టాను.

ఎవరో కుర్రాడు ఎత్తాడు.
"అవ్వ లేదు."
ఇంట్లోనా, లోకంలోనా?
అడగలేకపోయాను.
గడువు పెరిగిందని చెప్పబోతే
నాలుక మీదికి
పాత మాటే వచ్చింది.